ఇచ్చిన ఆదివారం

వీరభద్రయ్య షెడ్డులో సెలవు మగ్గాలకే ఉండేది, మనుషులకు లేదు. నెలకొక అమావాస్య. ఆ రోజు మోటార్లు ఆపేసి, మగ్గాలకు పసుపూ కుంకుమా పెట్టి, వాకిట్లో బూడిద గుమ్మడికాయ కొట్టి, ఇనుముకు కూడా విశ్రాంతి కావాలని వీరభద్రయ్య చేతులు జోడించేవాడు. అట్లా విశ్రాంతి తీసుకుంటున్న మగ్గాల కిందికి దూరి పీచు దులిపేదీ, నూనె పెట్టేదీ, నేల కడిగేదీ మేము. అది పని కిందికి రాదట. సెలవు రోజున చేసేది పని ఎట్లా అవుతుందని ఆయన నవ్వుతూ అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది.

హిందూపురం ఊరి చివర ఉండేది ఆ షెడ్డు. పట్టుచీరలు నేసే పవర్‌లూమ్ మగ్గాలు. నేసిన చీరలు మూటలు కట్టి వారం వారం ధర్మవరం అంగళ్ళకు పంపేవాళ్ళు. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళం కండెలు చుట్టే మిషన్ల దగ్గర. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి దారం చుడితే అది కండె. అది అందకపోతే మగ్గం ఆగిపోతుంది, కాబట్టి మగ్గం ఆడినంతసేపూ మేమూ ఆడాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, వారంలో ఏడు రోజులూ. మధ్యలో కరెంటు పోతే ఇంటికి పోకూడదు, ఎప్పుడొస్తుందో తెలియదు కదా. కిటికీల్లేని షెడ్డు, పగలైనా చీకట్లో గోడకానుకుని కూర్చోవాలి. చుట్టిన కండెకే కూలీ, కాబట్టి ఆ కూర్చున్నసేపు ఏ లెక్కలోకీ రాదు. పోయిన కరెంటు మా ఖాతాలో, వచ్చిన కరెంటు ఆయన ఖాతాలో.

ఇదంతా నేను చాలా ఏళ్ళు భరించాను. నా మొగుడు ఏసుదాసు బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి పండక్కో పబ్బానికో వచ్చేవాడు. ఒక్క కూతురు, సువార్త. తెల్లారకముందు నేను వెళ్ళిపోతే దాన్ని చూసుకునే దిక్కు లేదు. అందుకే రెండు వేల నాలుగులో దాన్ని ఐదో తరగతికి పెనుకొండలో గవర్నమెంటు హాస్టలు బడిలో చేర్చాను. అన్నం పెడతారు, చదువు చెప్తారు. ఒకటే నియమం. అమ్మానాన్నలు చూడ్డానికి రావాలంటే నెలలో రెండో ఆదివారం. ఇంకే రోజు పోయినా గేటు తీయరు.

జులైలో పోయాను. పోయివచ్చి సోమవారం షెడ్డుకు పోతే నా మిషను దగ్గర వేరే మనిషి కూర్చుని ఉంది. వారం రోజులు పనివ్వకుండా వాకిట్లో కూర్చోబెట్టాడు వీరభద్రయ్య. "నీ ఇష్టమొచ్చినప్పుడు నువ్వు పోతే, నా ఇష్టమొచ్చినప్పుడు నేను పనిస్తా" అన్నాడు. సువార్త అడిగిన పుస్తకాలు ఎట్లా కొనాలో తెలియక ఆ వారమంతా నిద్ర పట్టలేదు. ఆగస్టులో పోలేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పోలేదు.

మా వాళ్ళామె ఒకామె కూతురు అదే హాస్టల్లో ఉంది. నవంబరులో ఆమె పోయివచ్చి నాకు చెప్పింది. "మేరీ, నీ కూతురు గేటు కాడికి రావడం మానేసింది. అందరి అమ్మలూ వస్తే, నాకు గుడ్డలు ఉతికేది ఉండాదని లోపలే ఉండిపోయింది."

పదేళ్ళ పిల్ల. ఉతికేదానికి దానికున్న గుడ్డలెన్ని? ఆ మాట విన్నప్పటి నుంచి నాకు వీరభద్రయ్య మీదే కాదు, గుమ్మడికాయ మీద కూడా కోపమొచ్చింది.

ఆ రోజుల్లోనే దుర్గాప్రసాద్ అని ధర్మవరం కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, సాయంత్రం పని వదిలే వేళకు మా షెడ్డు ముందర నిలబడి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. చేతిలో ఎర్రగుడ్డ, పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు. దేశంలో చట్టం వారానికి నలభై ఎనిమిది గంటలంటోందనీ, అదే ఎక్కువనీ, ప్రభుత్వం దాన్ని నలభైకి తగ్గించాలనీ చెప్పాడు. మిషన్లు ఇంత పెరిగిన కాలంలో మనిషి ఇంకా అంతసేపు ఎందుకు పని చేయాలని అడిగాడు.

నా పక్క మిషను ఖాతూన్‌బీది. మొగుడు పోయినప్పటి నుంచీ ఈ పనే చేస్తోంది, నోరు మాత్రం ఎవరికీ అరువివ్వదు. ముందుకు పోయి అడిగింది.

"సార్, సోమవారం మొదలుపెడితే గురువారం పొద్దున టిఫిను తినే యాళకు మాకు నలభై అయిపోతాయి. ఆ మిగిలిన దినాలు ఏం జేసేది మేము?"

అందరూ పగలబడి నవ్వారు. దుర్గాప్రసాద్ మాత్రం నవ్వలేదు. "ఇంట్లో ఉండండమ్మా. పిల్లల్తో ఉండండి" అన్నాడు.

నేను నవ్వడం ఆపేశాను.

మగ్గం నేసే చిన్నస్వామికి పిల్లలు ముగ్గురు, ఇంట్లో తల్లి. వాడు వదల్లేదు. "అంతా బాగుండాది సార్. గంటలు తగ్గితే కూలీ తగ్గదా? మా ఇండ్లల్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, మీరా?"

"గంట తగ్గినా కూలీ తగ్గకూడదని కూడా చట్టమే చెప్పల్లప్పా. ఆ మాట మీ ఓనరు చెప్పడు. మీరొక్కొక్కరు అడిగితే వినడు. అందుకే సర్కారు చెప్పల్ల అంటాండా" అన్నాడాయన.

చిన్నస్వామికి నమ్మకం కుదరలేదు. నాకూ కుదరలేదు, నిజం చెప్పాలంటే నాకు వేరే రకంగా మంటెత్తింది. వారాన్ని కురచ చేయాలా వద్దా అని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అసలు మాకొక వారం అంటూ ఉంటే కదా కురచ చేయడానికి! మాకు ఉన్నది రోజు తర్వాత రోజు, అంతే. నలభై ఎనిమిది అని రాసిపెట్టిన ఆ చట్టం మా షెడ్డు గడప దాకా ఎందుకు రాలేదో ముందు అది తేల్చుకోవాలనిపించింది.

తేల్చుకోవాలంటే కార్మికుల సంగతి చూసే ఆఫీసుకు పోవాలి. మేము పోగలిగేది అమావాస్య మధ్యాహ్నం, మగ్గాలు తుడవడం అయ్యాక. నవంబరు అమావాస్య దీపావళి, ఆఫీసుకు సెలవు. డిసెంబరు అమావాస్య నాడు నేనూ, మగ్గాలన్నిటికీ పెద్ద దిక్కు లాంటి మొహిద్దీన్ సాబూ పోయాం. ఆఫీసుకు తాళం. ఎందుకని అడిగితే బయట బీడీ అంగడివాడు మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు.

"ఈ పొద్దు రెండో శనివారం గదప్పా. ఆఫీసులు యాడ తీస్తారు?"

రెండో శనివారం! మాకు ఆదివారమే లేదని చెప్పుకుందామని పోతే వాళ్ళకు శనివారం కూడా ఉంది. ఉండనీ, వాళ్ళకు ఉన్నందుకు నాకు ఏడుపు లేదు. వాళ్ళకూ పెళ్ళాం పిల్లలుంటారు. కానీ మొహిద్దీన్ సాబ్ ఆ మూసిన తలుపు ముందర చెప్పులు విడిచి నిలబడితే నాకు అవమానంగా అనిపించింది. అరవై ఏళ్ళ మనిషి.

జనవరిలో సోమవారం అమావాస్య పడింది. అప్పుడు ఆఫీసు తెరిచే ఉంది. ఆఫీసరు కాగితాలు తీయించి చూశాడు. వీరభద్రయ్య పేరు మీద తొమ్మిది మంది, ఆయన పెళ్ళాం పేరు మీద ఇంకొక తొమ్మిది మంది, రెండు వేరు వేరు షెడ్లు. పది మంది లేనిదే ఫ్యాక్టరీ కిందికి రాదు, కాబట్టి ఆ చట్టం మాకు వర్తించదన్నాడు.

అప్పుడు అర్థమైంది మాకు, షెడ్డు నడిమధ్యన ఆ గోడ ఎందుకు కట్టాడో. ఎండాకాలం గాలి ఆడక చస్తుంటే ఈ గోడేమిటని ఎన్నిసార్లు తిట్టుకున్నామో.

"గోడకు వాకిలి ఉండాది సార్. మేమంతా అటూ ఇటూ తిరుగుతాండాం. ఒకే మీటరు, ఒకే కరెంటు లైను" అన్నాను.

"వాకిలి సంగతి కాగితంలో లేదమ్మా" అన్నాడాయన.

ఒక తలుపు కాగితంలో లేకపోతే పద్దెనిమిది మంది మనుషులు లెక్కలో లేకుండా పోయారు. నలభై ఎనిమిదైనా, నలభై అయినా, ఇరవై అయినా, ఆ గోడ ఇవతలికి ఏ సంఖ్యా రాదు. బస్సు దొరక్క నడుచుకుంటూ వస్తుంటే దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను, మొహిద్దీన్ సాబ్ వింటూనే ఉన్నాడు. కడకు ఆయనన్నాడు, "సర్కారు ఇయ్యకపోతే మనమే అడుగుదాం పామ్మా."

అడిగాం. మరుసటి రోజే అందరం కలిసి వీరభద్రయ్య ముందర నిలబడ్డాం. వారానికొక రోజు సెలవు కావాలన్నాం. ఆయన కోప్పడలేదు, అదీ మాకు వింతగానే అనిపించింది.

"ఇస్తానప్పా, నేనేమన్నా రాక్షసుణ్ణా? మీరంతా ఒక మాట మీదికి రండి. ఏ రోజు కావల్లో చెప్పండి" అన్నాడు.

ఆయనకు మేమెవరమో బాగా తెలుసు. షెడ్డులో సగం మంది సాయబులు, వాళ్ళకు శుక్రవారం కావాలి. మేము నలుగురైదుగురం చర్చికి పోయేవాళ్ళం, మాకు ఆదివారం. మిగతావాళ్ళు అమావాస్య తప్పితే మగ్గం ఆపితే అరిష్టమని పుట్టినప్పటి నుంచీ వింటూ వచ్చినవాళ్ళు. ఆ సాయంత్రమే మొదలైంది గొడవ. మా దేవుడికి లేని సెలవు మీ దేవుడికెందుకు అనేదాకా పోయింది. ఏళ్ళ తరబడి ఒకే కుండలో నీళ్ళు తాగినవాళ్ళం మొహాలు తిప్పుకున్నాం. చిన్నస్వామి నాతో మాట్లాడ్డం మానేశాడు. వీరభద్రయ్య రోజూ వచ్చి, "ఏమప్పా, తేలిందా?" అని అడిగి నవ్వుకుంటూ పోయేవాడు. మమ్మల్ని కొట్టుకోమని వదిలి తమాషా చూశాడు, మేము చూపించాం. మా బుద్ధి అంతే అనుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అట్లా పది పదిహేను రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరం గోడకానుకుని కూర్చున్నాం. నేను ఉండబట్టలేక పెద్దగా అన్నాను.

"నాకు చర్చి కోసం ఆదివారం వద్దు. చర్చికి పొయ్యి ఎన్నేండ్లయ్యిందో నాకే తెలీదు. నా బిడ్డను నెలకొక తూరి చూసుకోవల్ల. వాళ్ళు ఆదివారమే గేటు తీస్తారు. అదొక్కటే."

గుడ్డలు ఉతికేది ఉండాదని లోపలే ఉండిపోయిన సంగతి కూడా చెప్పాను. చెప్తూ ఏడ్చాను, ఏడుస్తూ అందరినీ తిట్టాను.

చీకట్లో మొహిద్దీన్ సాబ్ గొంతు వినిపించింది. "శుక్రవారం నమాజుకు ఒక గంట వదిల్తే చాలు మాకు. దినమంతా మసీదులో ఉంటామా? బిడ్డను చూసేదానికి మేరీకి దినం కావల్ల. ఆదివారమే పెట్టుకుందాం."

చిన్నస్వామి కూడా నోరు విప్పాడు. "మా అమ్మ తిడతాది. తిట్టనీ. పెట్టుకోండి."

ఆ మాటకు నేను వాడి కాళ్ళు పట్టుకునేదాన్నే, చీకట్లో ఎక్కడున్నాడో తెలియలేదు.

ఫిబ్రవరి నుంచి ఆదివారం సెలవని వీరభద్రయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడు. "ఏడో దినం పని మిగతా ఆరు దినాల్లో సర్దుకోవల్ల, సరేనా?" మేము సరే సరే అన్నాం. ఎందుకనం? మొట్టమొదటిసారి వారమనేది మా చేతికొచ్చింది. ఖాతూన్‌బీ బెల్లం పంచింది. ఎట్లా సర్దుకోవాలి అని పద్దెనిమిది మందిలో ఒక్కరం కూడా అడగలేదు.

సోమవారం సాయంత్రం ఆరైంది. మోటార్లు ఆగలేదు. ఎనిమిది దాకా ఆడించాడు. మంగళవారమూ ఎనిమిది. రోజుకు రెండు గంటలు, ఆరు రెళ్ళు పన్నెండు. ఆదివారం మొత్తం నయాపైసా బాకీ లేకుండా మా దగ్గరే వసూలు చేసుకున్నాడు, పైగా సెలవిచ్చిన పుణ్యాత్ముడన్న పేరొకటి. చిన్నస్వామి పోయి అడిగితే, "మీరు సరే అన్నారు గదప్పా" అన్నాడట.

ఎనిమిదికి వదిలితే ఇంటికి పోయి, పొయ్యి వెలిగించి, తిని, గిన్నెలు కడిగి నడుం వాల్చేసరికి ఎంతవుతుందో, మళ్ళీ ఆరుకల్లా షెడ్డులో ఉండాలంటే ఎప్పుడు లేవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కండె చుట్టేటప్పుడు పట్టుపోగు తెగితే చూసుకుని ముడి వేయాలి. రెండో వారానికి నాకు పోగు రెండుగా కనబడేది. ఖాతూన్‌బీ కూర్చున్నచోటే తూలి మిషను మీద పడబోతే నేను భుజం పట్టుకుని లాగాను. అయినా నేను పళ్ళు బిగపట్టుకుని ఉన్నాను. ఎందుకంటే రెండో ఆదివారం వస్తోంది.

ఆ ఆదివారం మొదటి బస్సుకే పెనుకొండకు పోయాను. చెనక్కాయ ఉండలు డబ్బాలో పెట్టుకున్నాను. సువార్త కోసమని ఖాతూన్‌బీ గాజులు ఇచ్చి పంపింది. హాస్టలు గేటు తీసేసరికి నేనే ముందున్నాను. ఎవరో లోపలికి పోయి చెప్పినట్టున్నారు, అది పరుగెత్తుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక ఆగిపోయింది. ఎంత పొడుగైంది! మొహం సన్నబడింది. నన్ను నమ్మలేనట్టు కాసేపు చూసి, తర్వాత చెయ్యి పట్టుకుంది, ఇంక వదల్లేదు.

వరండా చివర గోడ నీడలో కూర్చున్నాం. గాజులు తొడిగాను. ఒక ఉండ తింది. "అమ్మా, నీకొకటి చెప్పల్ల" అంది. చెప్పు చెప్పు అన్నాను. చెప్పడం మొదలుపెట్టింది, వాళ్ళ టీచరు గురించో, ఏదో పోటీ గురించో. చల్లటి గాలి వస్తోంది. దాని ఒడిలో తల పెట్టుకుని వింటాననుకున్నాను.

గంట మోగింది. కళ్ళు తెరిస్తే ఎండ వరండా దాటి అవతలి గోడ మీదికి పోయింది. అమ్మానాన్నలందరూ లేచి గేటు వైపు నడుస్తున్నారు. సువార్త కూర్చున్నచోటే కూర్చుని ఉంది. నా తల దాని ఒడిలోనే ఉంది. చేతిలో పలక లాంటి అట్టముక్క పట్టుకుని నా మొహం మీద ఈగలు వాలకుండా విసురుతోంది.

"ఎందుకు లేపలేదే?"

"బాగా అలిసిపోయింటివి. పిల్లోళ్ళను కూడా ఈ పక్క ఆడుకోవద్దని చెప్పినా."

"అన్నం తింటివా?"

"నేను లేస్తే నువ్వు లేస్తావని పోలేదు."

అది లేచి నిలబడబోయి కాలు తిమ్మిరెక్కి కూలబడింది. వాచ్‌మన్ టైమైపోయిందని అరుస్తున్నాడు.

"ఏమో చెప్పల్లంటివే, చెప్పు, బిన్నా చెప్పు, గేటు మూసేస్తారు" అన్నాను దాని రెండు చేతులూ పట్టుకుని.

సువార్త నా మొహంలోకి చూసి నవ్వింది. పెద్దవాళ్ళు పిల్లల్ని సముదాయించేటప్పుడు నవ్వే నవ్వు అది. "వచ్చే నెల చెప్తాలేమ్మా" అంది.

బస్సులో హిందూపురం దాకా ఏడవలేదు. ఏడిస్తే కోపం పోతుందేమోనని భయపడ్డాను. వాడు నాకు ఆదివారం ఇచ్చి, ఆ ఆదివారంలో నా కూతురుతో మాట్లాడే ప్రాణం లేకుండా చేశాడు. నా నిద్రను ఆరు రోజులు దొంగిలించి, ఏడో రోజు ఆ బాకీని నా బిడ్డ ఒడిలోంచి కట్టించుకున్నాడు.

సోమవారం ఆరుకు పనిలో కూర్చున్నాను. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఒక్క కండె కూడా తగ్గనివ్వలేదు. సాయంత్రం గోడ గడియారంలో ఆరైంది. చేతిలో ఉన్న కండె పూర్తి చేసి, మిషను ఆపి, చెంగు దులుపుకుని లేచాను. మోటార్ల పక్కన కుర్చీలో కూర్చున్న వీరభద్రయ్య చూశాడు.

"యాడికి పోతాండావు?"

"ఇంటికి. నిద్రపోవల్ల."

"ఇంకా రెండు గంటలుండాదే! ఆదివారం అడిగినావు, ఇచ్చినా. ఇంకేం కావల్ల నీకు?"

"మెలకువగా ఉండే ఆదివారం కావల్ల" అన్నాను. మగ్గాల చప్పుడులో ఆయనకు వినబడలేదు. "ఏమీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ అరిచి చెప్పాను.

"పో, పో. రేపు నీ మిషను మీద వేరే మనిషుంటాది" అని ఆయన కూడా అరిచాడు.

నా పక్కన ఖాతూన్‌బీ మిషను ఆగింది. ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. తర్వాత అవతలి మూలలో మొహిద్దీన్ సాబ్ మగ్గం. దాని పక్కన చిన్నస్వామిది. గోడకు ఆ వైపు నుంచి కూడా ఒక్కొక్కటే చప్పుడు తగ్గుతూ వచ్చింది. వీరభద్రయ్య కుర్చీలోంచి లేచి ఎవరి వైపు తిరగాలో తెలియక నిలబడ్డాడు. ఆఖరి మగ్గం ఆగాక షెడ్డులో ఫ్యాను తిరగడం వినిపించింది.

ఇక అరవాల్సిన పని లేకపోయింది.

"రేపు పొద్దున ఆరుకు వస్తాం. సాయంత్రం ఆరుకు పోతాం" అన్నాను.